హార్డ్‌డిస్క్ పోయిన సాయంత్రం

1988 జూన్ 11, లండన్ వెంబ్లీ స్టేడియం. నెల్సన్ మండేలా డెబ్బయ్యో పుట్టినరోజు పేరుతో పెద్ద కచేరీ జరుగుతోంది. మండేలా మాత్రం అప్పటికింకా దక్షిణాఫ్రికా జైల్లోనే ఉన్నాడు. అరవైకి పైగా దేశాల్లో టీవీల్లో చూపిస్తున్నారు. స్టీవీ వండర్ పాడాల్సిన సమయం వచ్చింది. తీరా చూస్తే ఆయన సింథసైజర్‌కి కావాల్సిన హార్డ్‌డిస్క్ కనబడలేదు. అది లేకుండా కుదరదని ఆయన వెనక్కి వెళ్లిపోయాడు. ఆ ఖాళీ పూడ్చడానికి, అంతకుముందే తన వంతు పాడేసిన ఒక ఇరవై నాలుగేళ్ల అమ్మాయిని మళ్లీ స్టేజీ మీదకి పంపారు. ఆమె ట్రేసీ చాప్‌మన్. ఒక్క గిటార్ పట్టుకుని ఆమె పాడిన పాట 'ఫాస్ట్ కార్'.

ఆమె మొదటి ఆల్బమ్ వచ్చి అప్పటికి రెండు నెలలే. ఆ వేసవి అయ్యేలోపు 'ఫాస్ట్ కార్' అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో 6వ స్థానానికి, ఆల్బమ్ 1వ స్థానానికి వెళ్లాయి. మరుసటి ఏడాది మూడు గ్రామీ అవార్డులొచ్చాయి.

ఈ కథ చెప్పేవాళ్లంతా చివర్లో ఒక నీతి తగిలిస్తారు: "సిద్ధంగా ఉన్నవాళ్లనే అదృష్టం వరిస్తుంది." వినడానికి బాగుంటుంది. కానీ ఆ లెక్కలో ఒక చిక్కుంది. సిద్ధంగా ఉన్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ బోలెడంతమంది ఉంటారు. హార్డ్‌డిస్కులు మాత్రం రోజూ పోవు. పైగా ఆ నిమిషంలో అక్కరకొచ్చింది ప్రతిభ ఒక్కటే కాదు. డ్రమ్స్, కీబోర్డులు అమర్చుకోవాల్సిన బ్యాండ్‌ని అంత హడావుడిగా ఎక్కించడం కష్టం. గిటార్ ఒక్కటే ఉన్న మనిషికి ఆ బాధ లేదు. ఆమె దగ్గర సరంజామా లేకపోవడమే ఆ పూట అర్హత అయింది.

కొంచెం వెనక్కి వెళ్తే ఇంకో మలుపు. టఫ్ట్స్ యూనివర్సిటీలో ఆమె పాట విని, తండ్రికి చెప్పి ఆమెకి దారి చూపించినవాడు తోటి విద్యార్థి బ్రయన్ కోపెల్‌మన్. అతని తండ్రి సంగీత వ్యాపారంలో పెద్ద పేరున్నవాడు. అదే పాట ఇంకో కాలేజీలో, ఇంకెవరో విని చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోయి ఉంటే?

1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు 'మోరల్ లక్' గురించి రాశారు. మన చేతిలో ఉన్నదానికే మనల్ని మెచ్చుకోవాలి, నిందించాలి అంటాం. తీరా తీర్పు చెప్పేటప్పుడు మన చేతిలో లేనివాటిని కూడా కలిపేస్తాం. నేగెల్ పట్టుకున్న చిక్కు ఇదే. మన భాషలో కూడా ఇది దొరుకుతుంది. "రాసిపెట్టి ఉంది" అంటే అదృష్టాన్ని అదృష్టంగానే ఒప్పుకోవడం. "పెట్టి పుట్టింది" అంటే మాత్రం ఆ అదృష్టాన్ని కూడా ఆమె పోయిన జన్మలో సంపాదించుకుందని లెక్క తేల్చడం. సిద్ధంగా ఉన్నవాళ్లకే అవకాశం అనే ఆధునిక నీతి ఈ రెండోదానికి కొత్త చొక్కా తొడిగింది, అంతే.

మంచి పాట ఎప్పటికైనా తన చోటు వెతుక్కునేది కదా, 2023లో ల్యూక్ కోంబ్స్ పాడితే ఇదే పాట 2వ స్థానం దాకా వెళ్లలేదా అని అడగొచ్చు. వెళ్లింది. కానీ కోంబ్స్ ఈ పాటని చిన్నప్పుడు తండ్రి దగ్గర విన్నాడు. ఆ తండ్రిదాకా అది చేరింది 1988లో హిట్ అయింది కాబట్టే. రెండో అదృష్టం మొదటిదాని మీద వచ్చిన వడ్డీ.

అలాగని ఆమె ప్రతిభ తక్కువని కాదు. స్టేడియం మొత్తాన్ని ఒక్క గొంతుతో కట్టిపడేయడం ఏ అదృష్టమూ చేసిపెట్టదు. నా పేచీ ఆమె గెలుపుతో కాదు, ఆ గెలుపుని మనం మిగతావాళ్ల మీద సాక్ష్యంగా వాడుకోవడంతో. మా సాఫ్ట్‌వేర్ వాళ్లలో ఇది రోజూ కనబడుతుంది. ఏళ్లపాటు కంప్యూటర్ తీసిన హెచ్‌-వన్‌బీ లాటరీలో ఒకడి పేరొచ్చింది, పక్క సీటువాడిది రాలేదు. పదేళ్లయ్యాక ఇద్దరి ఇళ్లూ చూసి, "వీడు కష్టపడ్డాడు, వాడు పడలేదు" అనేస్తాం. లాటరీ మాట ఎవరికీ గుర్తుండదు. పేరు రానివాడు కూడా చివరికి అదే నమ్మడం మొదలుపెడతాడు.

ఇంతకీ 'ఫాస్ట్ కార్' దేని గురించి? తాగుబోతు తండ్రిని చూసుకోవడానికి చదువు మానేసిన అమ్మాయి, ప్రేమించినవాడితో కలిసి ఊరు దాటుతుంది. దుకాణంలో పని చేస్తుంది, డబ్బు కూడబెడుతుంది. చివరికి ఆ మనిషి కూడా బార్లోనే తేలతాడు. ఆమె చెయ్యాల్సిందంతా చేసింది, సిద్ధంగానే ఉంది. ఆమె కోసం ఏ హార్డ్‌డిస్కూ పోలేదు. పాట ఎక్కడా ఆమెని తప్పుపట్టదు.

ట్రేసీ చాప్‌మన్ విజయగాథ చెప్పేటప్పుడు మనం ఈ రెండో అమ్మాయిని మర్చిపోతాం. గెలిచినవాళ్లని మెచ్చుకోవడం మానక్కర్లేదు. ఆ మెప్పులో దారిలోనే ఆగిపోయినవాళ్లకి చీవాట్లు కలపకుండా ఉంటే చాలు.