పరదేశి పెట్టె



తెల్లవారుజామున మూడు గంటలు. కువైట్ నుండి వచ్చిన మన కూలి సోదరుడొకడు శంషాబాద్ విమానాశ్రయం బయట అడుగుపెట్టాడనుకోండి. రెండేళ్ళ చెమట ఒక పెట్టెలో ఉంది. కంటిమీద కునుకు లేదు. ఇంకా కామారెడ్డి చేరాలి. "అన్నా, ఏ ఊరు మనది? రా, తక్కువకే దింపుత" అంటూ ఒకరు వచ్చి పెట్టె అందుకుంటారు. తీరా చూస్తే అది తెల్ల నంబరు ప్లేటు సొంతకారు. సగం దారిలో కిరాయి రెట్టింపవుతుంది. ఆ చీకటిలో, నడిరోడ్డు మీద బేరమాడే ధైర్యం ఎవరికుంటుంది?

"పాపం, అతడూ కడుపు కోసమే కదా!" అని మీరనవచ్చు. నిజమే. మనిషిని కిరాయికి చేరవేయడం పాపం కాదు, కష్టార్జితం. దోషమంతా ఎదుటివాని తెలియనితనాన్ని సొమ్ము చేసుకోవడంలో ఉంది. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2409వ పేరాలో, పరుల అజ్ఞానాన్నో ఇబ్బందినో ఆసరా చేసుకొని ధర పెంచడం ఏడవ ఆజ్ఞను మీరడమేనని బోధిస్తోంది. చట్టానికి చిక్కకపోయినా అది అన్యాయమే. ఈ లెక్కన పర్మిట్ ఉన్న డ్రైవరు చేసినా దోషం దోషమే.

అలాగని పర్మిట్ ఉత్త కాగితం కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం కిరాయి బండికి పర్మిట్ ఉండాలంటుంది. సొంత వాడకానికి బీమా చేసిన కారును కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగిననాడు బీమా సంస్థ పరిహారానికి అడ్డు చెప్పవచ్చు. అప్పుడు నష్టపోయేది ఆ కుటుంబం. పన్ను కట్టి, వరుసలో గంటల తరబడి కాచుకున్న టాక్సీ డ్రైవరు కూలి కూడా పోతుంది. అతనికీ పిల్లలున్నారు. ఒక పేదవాని ఆకలి మరో పేదవానిని దోచుకునే హక్కు ఇవ్వదు.

లేవీయకాండము 19వ అధ్యాయం తెరిచి చూడండి. పరదేశిని ప్రేమించాలన్న ఆజ్ఞ ముగిసీ ముగియగానే, తూనికలూ కొలతలూ సరిగా ఉండాలన్న ఆజ్ఞ వస్తుంది. ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పరదేశికి మనం చూపే ప్రేమ తీయని పలకరింపుతో సరిపోదు. అతనితో చేసే లెక్కలో అది తేలాలి.

ఇక మన మాట. రెండు వందలు కలిసి వస్తాయంటే పసుపు ప్లేటా, తెల్ల ప్లేటా అని మనం చూస్తున్నామా? మోసపోయినప్పుడు మాత్రమే మనకు చట్టం గుర్తుకొస్తోంది. చవకగా దిగిననాడు ఎవరి కూలి తగ్గిందో అడగం.

మీలో బండి నడిపేవారుంటే, పెట్టె ముట్టకముందే కిరాయి చెప్పండి, చెప్పిన మాట మీద నిలవండి. మీ ఇంటివారు విదేశం నుండి వస్తుంటే, న్యాయమైన కిరాయి ఎంతో ముందురోజే ఫోనులో చెప్పండి. వీలైతే మీరే ఎదురు వెళ్ళండి. పరదేశిగా వచ్చిన తనను ఎవరు చేర్చుకున్నారని ప్రభువు కడపటి దినాన అడుగుతాడు. ఆయన పెట్టె అందుకున్న మన చేతులు ఎటువంటివో ఈ రాత్రి ఆత్మపరిశోధన చేసుకుందాం.