ఏలీయాకు నిద్ర, రొట్టె, తోడు



ఈ వారం ఒక ప్రవక్త అలసటను గురించి మీతో ముచ్చటించదలచాను. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తెరవండి. కర్మెలు కొండమీద గొప్ప విజయం పొందిన ఏలీయా, రాణి యెసెబెలు బెదిరింపు వినగానే ప్రాణభయంతో పారిపోయాడు. బేర్షెబాలో సేవకుణ్ణి విడిచిపెట్టి, ఎడారిలోకి ఒంటరిగా ఒక దినమంతా నడిచి, ఒక చెట్టు కింద కూలబడ్డాడు. ఇక తనకు చావే మేలని దేవునితో మొరపెట్టుకున్నాడు.

అప్పుడు దేవుడేమి చేశాడో గమనించండి. ఆయన కోపగించలేదు. నీకు విశ్వాసం లేదని నిందించలేదు. మొదట అతణ్ణి నిద్రపోనిచ్చాడు. తరువాత దూతను పంపి కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు తలాపున పెట్టించాడు. ఏలీయా తిని మరల పడుకున్నాడు. దూత రెండవసారి కూడ తట్టి లేపి తినమన్నాడు. ఆ బలంతోనే ప్రవక్త 40 పగళ్ళు, 40 రాత్రులు నడిచి హోరేబు కొండ చేరాడు. దేవుడు అతనితో మాట్లాడింది అక్కడ. భోజనం ముందు, బోధ తరువాత.

మన కనగానపల్లి పల్లెల నుండి ధర్మవరం, అనంతపురం కళాశాలలకు వెళ్ళే పిల్లలకు ఆ చెట్టు నీడ కొత్తది కాదు. వేరుశనగ పంటకు నాన్న తెచ్చిన అప్పు, వాన మొగం చాటేసిన ఏడు, మగ్గం మీద అమ్మ నడుము నొప్పి, అన్నీ పుస్తకాల సంచిలో మోసుకొని వెళతారు. మా ఇంట్లో మొదట కాలేజీ గడప తొక్కింది నేనే, నేనే తప్పితే ఎలా అన్న దిగులు రాత్రి నిద్రను మింగేస్తుంది.

ఈ దిగులు చిన్నది కాదు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడే ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చిందని చూపిన జాబితాను సరిచేస్తే, ఆమెకు వచ్చినవి 99 మార్కులు! మనుషులు వేసే అంకెలు తప్పవచ్చు. తప్పకపోయినా అవి ఒక పరీక్షకు వెల కట్టగలవు గాని మనిషికి కట్టలేవు. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. ఒక్కొక్కరు ఒక తల్లి బిడ్డ.

అందుచేత బిడ్డలారా, దేవుడు ఏలీయాకు ఇచ్చిన మందులే మీరూ పుచ్చుకోండి. మొదటిది నిద్ర. పదును లేని నేలలో మన రైతు విత్తనం వేస్తాడా? నిద్రలేని తలలో చదువు కూడ అంతే. పగలు చదివినది మనసులో నిలిచేది నిద్రలోనే. పెద్దవారికి రోజూ కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు, మీ వయసుకు ఇంకొంచెం ఎక్కువే కావాలి. 13వ శతాబ్దపు మహా వేదాంతి పునీత తోమాసు అక్వీనాసు కూడ దుఃఖానికి మందులు చెబుతూ, కన్నీరు, స్నేహితుని సానుభూతి, సత్య ధ్యానాలతో పాటు నిద్రను, స్నానాన్ని కూడ చేర్చాడు. అంతటి జ్ఞానికి ఇవి అల్పంగా తోచలేదు.

రెండవది రొట్టె. పరీక్ష రోజని పస్తుండకండి. టీ నీళ్ళతో రాత్రిళ్ళు గడపకండి. హాస్టల్లో ఉన్నది సంగటి అయినా, ఉప్మా అయినా వేళకు తినండి. సాయంత్రం కాసేపు నడవండి.

మూడవది తోడు. ఏలీయా సేవకుణ్ణి వదిలి ఒంటరైనాకనే చావును కోరుకున్నాడు. దేవుడు అతనికి ఎలీషాను తోడిచ్చి, ఇంకా 7,000 మంది నమ్మకస్తులు ఉన్నారని తెలిపాడు. మీరూ నోరు విప్పండి. స్నేహితునితో, అక్కతో, అధ్యాపకునితో, మీ విచారణ గురువుతో చెప్పుకోండి. వేళ కాని వేళ అని సంకోచించకండి. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. దిగులు వారాల తరబడి వదలకపోతే డాక్టరును చూడండి. జ్వరానికి మందు మింగడం విశ్వాసలోపం కానట్టే ఇదీ కాదు. ప్రార్థన మానమని నేననను. ఆ దూతను పంపిన దేవుడే డాక్టరును కూడ పంపుతాడని అంటున్నాను.

తల్లిదండ్రులారా, ఫలితాల రోజు మీ నోట వచ్చే మొదటి మాట జాగ్రత్త. “ఎన్ని వచ్చాయి?” అనకముందు “అన్నం తిన్నావా?” అని అడగండి. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష ఉంది. అర్స్ గ్రామ గురువు పునీత జాన్ మరియ వియాన్ని గురువిద్యాలయ పరీక్షలో తప్పినవాడే. 1815లో గురువై, నేడు విచారణ గురువులకు పాలక పునీతుడు.

బిడ్డను పోగొట్టుకున్న కుటుంబాలకు ఒక మాట. తీవ్రమైన మానసిక వేదన మనిషి బాధ్యతను తగ్గిస్తుందని, అలా మరణించినవారి నిత్యరక్షణ విషయంలో నిరాశ తగదని 1992 నాటి శ్రీసభ సత్యోపదేశం బోధిస్తున్నది. శ్రీసభ వారికొరకు ప్రార్థిస్తుంది. పొరుగువారమైన మనం వారి వాకిట నిందతో గాక, అన్నం గిన్నెతో నిలబడాలి.

విద్యార్థులారా, ఈ రాత్రి పుస్తకం మూసి, ఒక పరలోక జపం చెప్పుకొని పడుకోండి. ఏలీయా నిద్రను కాచిన ప్రభువు మీ నిద్రను కూడ కాచునుగాక. ఆమెన్.