మంచి సంవత్సరముల కొలత

ఒకడు తన చేతిలో లేనిదానిని కూడ పంచిపెట్టుదునని మాట యిచ్చి గతించినయెడల, ఆ మాట తప్పినప్పుడు నష్టము ఎవరు భరింపవలెను? ఈ ప్రశ్న అమెరికాలోని ఒక ఎడారి జలాశయముచుట్టు నూరేండ్లుగా తిరుగుచున్నది గనుక, దానిని ఎదుట పెట్టుకొని ఆలోచింతము.

నెవాడా, అరిజోనా రాష్ట్రముల సరిహద్దున కొలరాడో నదిపై 1930లలో కట్టిన హూవర్ ఆనకట్ట వెనుక మీడ్ సరస్సు నిలిచియున్నది. అచ్చట వాన బహు స్వల్పము. వేసవిలో గాలి వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీటు దాటును. సరస్సు పైనీరు 80 డిగ్రీలు మించి, చలికాలమున 50లకు దిగును. ఏటేట సుమారు 6 అడుగుల నీరు ఆవిరియై పోవును. అయితే మట్టము పెరుగుట తగ్గుటలు ఆ చోటి వానలనుబట్టి జరుగుట లేదు. రాకీ పర్వతముల మంచు కరిగి వచ్చు వరద, 1963 మొదలుకొని ఎగువనున్న గ్లెన్ కాన్యన్ ఆనకట్టయొద్ద ఆగి, లెక్కప్రకారము వదలబడుచున్నది. వసంతము మొదలు దిగువ పొలములు ఎక్కువ నీరు కోరును గనుక సరస్సు తగ్గును; చలికాలమున కోరిక తగ్గును గనుక పెరుగును. ఒడ్డున నిలిచి చూచువాడు మనుష్యుల ఒడంబడికనే చూచుచున్నాడని చెప్పవచ్చును.

ఆ ఒడంబడిక 1922లో జరిగెను. ఎగువ రాష్ట్రములకు 75 లక్షల ఎకరా అడుగులు, దిగువ రాష్ట్రములకు 75 లక్షలు అని వ్రాసిరి. (ఎకరా అడుగనగా ఒక ఎకరముమీద అడుగు లోతున నిలుచు నీరు.) 1944లో మెక్సికోకు మరి 15 లక్షలు ఒప్పుకొనిరి. అయితే వారు చూచుకొనిన సంవత్సరములు అసాధారణముగా తడిసిన సంవత్సరములు. నది అంత యివ్వదని లారూ అను ప్రభుత్వ జలశాస్త్రజ్ఞుడు ఆ దినములలోనే హెచ్చరించెను. ఆయన మాట ఇంపుగా లేదు గనుక ప్రక్కన పెట్టిరి. 2000 తరువాత ఆ నది సగటున ఏడాదికి సుమారు 125 లక్షలే తెచ్చుచున్నది. 1983లో 1,225 అడుగులున్న మట్టము 2022 జూలైలో 1,040కి పడిపోయెను. కొండరాళ్లపై తెల్లని పట్టీ మిగిలినది. 1938లో మునిగిన సెయింట్ థామస్ అను ఊరి పునాదులు బయటికి వచ్చియున్నవి.

దీనిని కరవు అని మాత్రమే పిలుచుట మాకు సమ్మతము కాదు. కరవును, ఎండలు హెచ్చుటయు నిజమే. కాని మంచి యేండ్ల కొలతతో మాట యిచ్చినవాడు చెడ్డ యేండ్లను నిందింపరాదు.

ఇప్పుడు ఎవరు తగ్గించుకొనవలెను? ముందు వాడుకొనినవారిది ముందు హక్కు అని అచ్చటి న్యాయము. 1968 నాటి చట్టముచేత అరిజోనా పెద్ద కాలువ కాలిఫోర్నియాకు వెనుకబడినది. గనుక 2022లో అరిజోనా 5 లక్షల 12 వేల ఎకరా అడుగులు కోల్పోగా కాలిఫోర్నియా ఒక్క చుక్కయు కోల్పోలేదు. ఇది చట్టమే, పూర్తి న్యాయమా? ముందు వచ్చినవారిని నమ్మి పొలము వేసిన రైతు హక్కును మేము తేలికగా ఎంచము. అయినను, అందరికంటె ముందు ఆ నదియొద్ద నివసించిన ఆదివాసుల ప్రతినిధులు 1922లో ఆ బల్లయొద్ద లేరు. ముందుతనమును ఎక్కడనుండి లెక్కింపవలెను?

ద్రాక్షతోట ఉపమానములో కడపట వచ్చినవారికిని సమానమైన కూలి దొరకెను. అయితే ఆ యజమానుని సంచిలో ధనమున్నది. ఇచ్చట సంచియే చాలదు. ఒకనికి ఇచ్చినది మరియొకని నోటినుండి తీసినదే. గనుక ఆ ఉపమానమును ఇచ్చట ఊరకే అతికించుట సరికాదని తలంచుచున్నాము. ముందు వచ్చినవారు సణుగుట మాత్రము రెండుచోట్లను ఒకటే.

2023 మే నెలలో దిగువ రాష్ట్రములు మూడును, కాలిఫోర్నియాతో కూడ, 2026లోగా 30 లక్షల ఎకరా అడుగులు సరస్సులోనే విడిచిపెట్టుటకు ఒప్పుకొనెను. అందులో ఎక్కువ భాగమునకు కేంద్రప్రభుత్వము సొమ్ము చెల్లించునట్లు నిర్ణయించిరి. సొమ్ము పుచ్చుకొని చేసిన త్యాగము త్యాగమా అని కొందరు అడుగుదురు. మేమైతే, మొదట లెక్క ఒప్పుకొనిరి, అది చాలుననుకొందుము. ఆ చలికాలపు మంచు మెండుగా పడెను. 2024 ఆరంభమునకు మట్టము 1,070 అడుగులు దాటి, తెల్లని పట్టీలో కొంత మరల మునిగెను.