ఓడ విందులో ఆప్తవాక్యం

ఓడ భోజనశాలలో బల్ల మీదికి వచ్చిన పళ్లెంలో తన ఒంటికి పడని పదార్థం లేదని ప్రయాణికుడు ఎలా తెలుసుకుంటాడు? వేరుశనగో పాలో రొయ్యలో పడనివారికి ఇది తీరిక చర్చ కాదు, మొదటి ముద్దకు ముందే తేలాల్సిన సంగతి. దేన్నయినా తెలుసుకోవడానికి ఏయే దారులున్నాయి, ఏ దారిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది భారతీయ దర్శనాల్లో ప్రమాణ విచారం. అక్షపాద గౌతముడి న్యాయసూత్రాలు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను ఒప్పుకున్నాయి. ఉపమానానికి ఇక్కడ పెద్దగా పని లేదు. మిగిలిన మూడింటిలో మొదటి రెండూ ఓడ మీద త్వరగానే చేతులెత్తేస్తాయి. భారమంతా శబ్దం మీద, అంటే నమ్మదగిన మనిషి చెప్పిన మాట మీద పడుతుంది.

ఒంటికి పడనిది లోపలికి వెళ్తే వచ్చే ఎనఫిలాక్సిస్ అనే ప్రాణాంతక ప్రతిస్పందనను సైన్సు గుర్తించిన కథ కూడా ఓడ మీదే మొదలైంది. 1901లో మొనాకో పాలకుడు మొదటి ఆల్బర్ట్ తన పరిశోధక నౌక మీద షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులను వెంట తీసుకువెళ్లాడు. ఫైసేలియా అనే సముద్రజీవి విషాన్ని వాళ్లు ఆ ప్రయాణంలో పరిశీలించారు. పారిస్‌కు తిరిగి వచ్చాక సముద్రపు ఎనిమోన్ విషంతో కుక్కల మీద ప్రయోగాలు సాగించారు. మొదట ఇచ్చిన విషాన్ని తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత మళ్లీ ఇచ్చేసరికి కాసేపట్లోనే చనిపోయింది. 1902లో ఆ పరిశోధన వెలువడింది, 1913లో రిషేకు నోబెల్ బహుమతి వచ్చింది. నిన్న ఏమీ కాలేదు కాబట్టి ఇవాళా ఏమీ కాదని తేల్చుకోవడం ఎంత బలహీనమో ఆ కుక్క చావు చూపించింది. తత్వవేత్తకు అందులో పనికొచ్చే ముక్క అదే.

ప్రత్యక్షం సంగతి. ప్రయాణికుడు కోరేది ఒక వస్తువు ఉందన్న జ్ఞానం కాదు, లేదన్న జ్ఞానం. అభావాన్ని తెలుసుకోవడం ఎలా అన్నది మన దర్శనకారులు గట్టిగా వాదించుకున్న విషయం. మీమాంసకుడు కుమారిల భట్టు దానికి అనుపలబ్ధి అనే వేరే ప్రమాణాన్నే ఒప్పుకున్నాడు. నేల మీద కుండ కనబడలేదు కనుక అక్కడ కుండ లేదు. అయితే దీనికో షరతు ఉంది: ఉండి ఉంటే కనబడి తీరాల్సిన వస్తువై ఉండాలి. చీకటి గదిలో కుండ కనబడకపోవడం దేన్నీ రుజువు చెయ్యదు. రొట్టెలో కలిసిన పాలపొడి, సూపు చిక్కబడడానికి వేసిన మైదా, సాస్‌లోకి జారిన చేప రసం వెలుతురులో కూడా చీకటి గదిలోని కుండలే. అవి కంటికి ఆనవు, నాలుకకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

కనబడకపోతే లేనట్టేనన్న భ్రమ బఫే గుమ్మం దగ్గర ఇంకా బాగా కనిపిస్తుంది. అక్కడ ప్రతివారి అరచేతిలో శానిటైజర్ జెల్ పోస్తారు. చెయ్యి శుభ్రపడిందనిపిస్తుంది. కానీ వేరుశనగ ప్రోటీన్‌ను ఆ జెల్ తొలగించలేదు, దానికి సబ్బూ నీళ్లూ కావాలి. అదే చెయ్యి పట్టకారు అందుకుంటుంది, ఆ పట్టకారు చేపల ట్రేలోంచి సలాడ్ గిన్నెలోకి వెళ్తుంది. వంట వేడికి సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఎలర్జీ తెచ్చే ప్రోటీన్లలో చాలావాటికి ఏమీ కాదు. ఎలర్జీ ఉన్నవారికి బఫే కంటే, వెయిటర్ వచ్చి వడ్డించే భోజనశాలే మేలని చెప్పడానికి కారణం ఇదే.

అనుమానం ఇంకొంచెం దూరం తీసుకువెళ్లినట్టు కనిపించి మధ్యలో వదిలేస్తుంది. పొగను చూసి నిప్పును ఊహించవచ్చు. నిప్పును చూసి పొగను ఊహించడానికి వీల్లేదు, కట్టె తడిగా ఉంటేనే పొగ వస్తుంది. కనబడకుండా పనిచేసే ఇలాంటి షరతును తార్కికులు ఉపాధి అన్నారు. ఓడలో భారతీయ వంటకాల కౌంటర్ ముందు నిలబడ్డ తెలుగు ప్రయాణికుడికి గోధుమ పడదనుకుందాం. సాంబారులో కందిపప్పు, చింతపండు, కూరగాయలు తప్ప గోధుమకు చోటెక్కడిది అని అతడి ఊహ. అయితే తాలింపులో ఇంగువ ఉంది. బజారులో దొరికే ఇంగువ పొడి చాలావరకు శుద్ధమైన ఇంగువ కాదు. అందులో మైదానో బియ్యప్పిండో కలిపి అమ్ముతారు. ఇంట్లో సాంబారు పడింది కాబట్టి ఓడలోనూ పడుతుందన్న లెక్క ఇంట్లో వాడే ఇంగువ డబ్బా దాకానే నిలుస్తుంది. దోసెల పెనం మీద అంతకుముందు పరాటాలు కాలిస్తే, ఆలుగడ్డ ముక్కల నూనెలోనే అంతకుముందు రొయ్యలు వేగితే, అవీ ఉపాధులే. ఓడ వంటగదిలో సరుకు రేవు రేవుకూ మారవచ్చు. సోమవారం తిన్న రొట్టె గురువారం అదే పేరుతో వేరే పిండితో రావచ్చు.

ఇక శబ్దం. అచ్చయిన మాట నోటి మాట కంటే గట్టిదనుకోవడం సహజం గనుక ముందు దాని సంగతి చూడాలి. అమెరికా చట్టం ప్రధాన ఎలర్జీ పదార్థాలుగా 9 పేర్కొంటుంది. అందులో నువ్వులు చేరిన చట్టం 2021లో వచ్చి 2023 జనవరి నుంచి అమలైంది. ఐరోపా సమాఖ్య జాబితాలో 14 ఉన్నాయి, అందులో ఆవాలూ ఒకటి. భారతదేశంలో ప్యాకెట్ల మీద ముద్రణకు 2020లో వచ్చిన నిబంధనల జాబితాలో నువ్వులూ లేవు, ఆవాలూ లేవు. నువ్వులు లేకుండా పండుగా, ఆవాలు లేకుండా తాలింపూ జరగని ఇళ్లవారు ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. ఒక దేశంలో నమోదై, ఇంకో దేశపు రేవులో సరుకు ఎక్కించుకుని, మూడో దేశం వైపు సాగే ఓడలో ఏ జాబితా ప్రకారం గుర్తులు పెట్టారో అడిగి తెలుసుకోవాల్సిందే. లేబుల్ చెప్పలేదు కాబట్టి లేదనుకోవడం ఎంత ప్రమాదమో 2016లో బ్రిటన్‌లో తేలింది. నువ్వులు కలిసిన సంగతి ప్యాకెట్ మీద లేకపోవడంతో, విమానాశ్రయంలో కొన్న శాండ్‌విచ్ తిని పదిహేనేళ్ల బాలిక ప్రాణం కోల్పోయింది. ఆమె పేరుతో వచ్చిన నటాషా చట్టం 2021 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. మాట లేకపోవడాన్ని మాటగా తీసుకోకూడదు.

అప్పుడు మిగిలేది మనిషి. ఎవరి మాట ప్రమాణం అన్నదానికి న్యాయశాస్త్రం ఇచ్చిన జవాబు ఆప్తుడు. సూత్రానికి భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడి లక్షణాన్ని వివరంగా చెప్పాడు: విషయాన్ని తాను నేరుగా ఎరిగినవాడు, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక ఉన్నవాడు. దీన్ని భోజనశాలకు తెస్తే ఒక సంగతి వెంటనే బయటపడుతుంది. చిరునవ్వుతో ‘ఫర్వాలేదండీ, ఇందులో ఏమీ లేదు’ అనే వెయిటర్‌లో రెండో లక్షణం ఉండవచ్చు, మొదటిది లేదు. వంట అతడు చెయ్యలేదు, చూడనూ లేదు. నేరుగా ఎరిగినవాడు ఇనుప తలుపు అవతల, పొయ్యి దగ్గర ఉన్నాడు. 2024లో మొదటి యాత్ర చేసిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ వంటి ఓడ 7,600 మంది దాకా ప్రయాణికులను మోస్తుంది. అంత పెద్ద ఓడల్లో పొయ్యికీ పళ్లేనికీ మధ్య చేతులు చాలానే మారతాయి. అందుకే సరైన వెయిటర్ అంటే జవాబు వెంటనే చెప్పేవాడు కాదు, లోపలికి వెళ్లి అడిగి వచ్చేవాడు. ‘తెలియదు, కనుక్కుని చెబుతాను’ అన్నవాడే ఆప్తుడికి దగ్గర.

వాత్స్యాయనుడు ఇంకో మాట చేర్చాడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా సమానమే అన్నాడు. ఆ కాలానికి అది చిన్న మాట కాదు. ఆహార శుద్ధి గురించి మన సంప్రదాయంలో ఉన్న మరో ఆలోచనతో పోల్చి చూస్తే దాని విలువ తెలుస్తుంది. రామానుజాచార్యులు శ్రీభాష్యం మొదట్లోనే, అన్నానికి దోషం మూడు దారుల్లో వస్తుందన్న పూర్వుల మాటను ఉదహరించారు. పదార్థం స్వభావం వల్ల వచ్చేది జాతి దోషం, అన్నం ఎవరిదన్నదాన్ని బట్టి వచ్చేది ఆశ్రయ దోషం, బయటినుంచి ఏదో తగిలో పడో వచ్చేది నిమిత్త దోషం. ఎలర్జీ నిపుణులు చెప్పే జాగ్రత్తలు ఈ వరుసకు వింతగా సరిపోతాయి. వేరుశనగే పడకపోవడం మొదటి రకం, వేరుశనగ తగిలిన గరిటె మూడో రకం. విడి గిన్నె, విడి గరిటె, వంటకు ముందు చేతులు కడుక్కోవడం మడి పాటించే ఇళ్లవారికి కొత్తగా నేర్పనక్కర్లేదు.

రెండోదాని దగ్గర పోలిక తెగిపోతుంది, తెగిపోవాలి కూడా. ఆశ్రయ దోషం ఆచారంలోకి దిగేసరికి వండినవాడి పుట్టుకను లెక్కపెట్టింది. ఎందరినో పంక్తికి దూరం పెట్టింది. ఎలర్జీ ఉన్నవారికి కావలసింది వండినవాడి కులమో దేశమో కాదు, వండినవాడికి తెలిసినదేమిటి అన్నది. ఇక్కడ మడి కంటే న్యాయశాస్త్రమే ఎక్కువ పనికొస్తుంది.

మాట ఎలా చెడుతుందో కూడా శాస్త్రకారులు లెక్క తేల్చారు. భ్రమ, ఏమరపాటు, మోసగించాలనే కోరిక, ఇంద్రియాల అసమర్థత. వెన్న పాల పదార్థం కాదనుకోవడం భ్రమ. ఆర్డర్ చీటీ మీద రాసుకుని కూడా పాత గరిటెతోనే కలపడం ఏమరపాటు. మోసం అరుదు. అయితే అతిథి మనసు నొప్పించకూడదని ‘లేదు’ అనేయడం మోసం కాకపోయినా ఫలితం అదే. చివరిది భాష రాకపోవడం, గోలలో వినబడకపోవడం. ప్రయాణికుడు ఒక భాషలో అడిగి, వెయిటర్ రెండో భాషలో విని, వంటవాడు మూడో భాషలో అర్థం చేసుకునే చోట ఈ దోషానికి మందు కాగితమే. పడని పదార్థాల పేర్లు రాసిన చీటీ వంటగదిలోకి వెళ్తే మాట మధ్యలో మారదు.

అడిగే మాట కూడా సరిగ్గా ఉండాలి. భోజనం చేస్తున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి గానీ గుర్రాన్ని కాదని తాత్పర్యానికి ఉదాహరణ చెబుతారు. ‘ఇందులో పాలున్నాయా’ అని అడిగితే గ్లాసులో పోసే పాలు లేవనే జవాబు రావచ్చు, నెయ్యీ మీగడా పాలపొడీ ఉన్నా సరే. పదార్థాలను విడివిడిగా పేరు పెట్టి అడగడం చాదస్తం కాదు. కొంచెమే తగిలినా ప్రాణం మీదికి వస్తుందా, కడుపు నొప్పితో పోతుందా అన్నదీ చెప్పాలి. ఇష్టం లేకపోవడానికీ పడకపోవడానికీ తేడా వంటవాడికి తెలియాలి.

మాట నిజమని రుజువయ్యేది ఎప్పుడు? దూరాన కనిపించింది నీళ్లేనని దాహం తీరినప్పుడు రుజువవుతుందని నైయాయికులన్నారు. తెలిసినదాన్ని నమ్మి చేసిన పని, అంటే ప్రవృత్తి, ఫలించడమే పరీక్ష. ఎలర్జీ ఉన్నవారికి ఈ పరీక్ష పనికిరాదు, తిని చూడడమే ఇక్కడ ప్రమాదం. దీనికి దారి కూడా ఆ శాస్త్రంలోనే ఉంది. వేదం కనబడని విషయాల గురించి చెబుతుంది, దాన్ని ఎలా నమ్మడం అంటే, కనబడే ఫలితమిచ్చే ఆయుర్వేదాన్నీ మంత్రాన్నీ చూపించారు గౌతముడూ వాత్స్యాయనుడూ. కళ్ల ముందు నిజమైన మాట చెప్పినవారిని కనబడనిచోట కూడా నమ్మవచ్చు. వేదం విషయంలో ఆ వాదం ఎంత నిలుస్తుందన్నది వేరే చర్చ. ఓడ వంటగది విషయంలో మాత్రం బాగా నిలుస్తుంది. ప్రయాణానికి వారాల ముందే కంపెనీకి రాసినప్పుడు ఏం జవాబిచ్చారు? ఎక్కిన రోజు హెడ్ వెయిటర్‌ను కలిస్తే ఆ వివరం అతడి దగ్గర ముందే ఉందా? చాలా ఓడల్లో ఉన్న అలవాటు ప్రకారం రాత్రి భోజనం దగ్గరే మరుసటి రోజు మెనూ తెచ్చి చూపించి ఆర్డర్ తీసుకున్నాడా? పదార్థాల జాబితా అడిగితే విసుక్కున్నాడా? కనబడే ఈ చిన్న విషయాల్లో నిలబడినవారి మాటే కనబడని పొయ్యి విషయంలో ప్రమాణం. రోజూ ఒకే వేళకు, ఒకే బల్ల దగ్గర, ఒకే వెయిటర్ చేతి భోజనం ఎంచుకోవడంలో లాభం ఇదే.

అయినా సందేహం పూర్తిగా తీరదు. తీరాలంటే తినడమే మానెయ్యాలి. పదో శతాబ్దపు నైయాయికుడు ఉదయనుడు సందేహానికి హద్దు గీశాడు: మన పనినే కాదనే దగ్గరికి వచ్చేసరికి సందేహం ఆగిపోవాలి. అడగాల్సింది అడిగి, విడిగా వండించుకుని, ఆప్తుడన్నవాడి మాట విన్నాక తినడం తప్పు కాదు. మిగిలిన ఆ కాస్త సందేహం కోసమే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంది.

ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. 2022లో చెన్నై నుంచి బయలుదేరిన విహార నౌక విశాఖకు వచ్చింది. 2023లో అక్కడ క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరుచుకుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కరీబియన్ ఓడ ప్రయాణం ఇప్పటికే కొత్త కాదు. మన పెట్టెలో ఎన్ని మందులున్నా మనల్ని దెబ్బతీసేది మొహమాటం. నాలుగోసారి అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకోవడం, పక్కవారు ‘కొంచెం రుచి చూడండి, ఏం కాదు’ అంటే కాదనలేకపోవడం. అడగండి. డాక్టరు రాసిచ్చిన ఎడ్రినలిన్ ఇంజెక్షన్‌ను గదిలో పెట్టెలో కాదు, భోజనానికి వెళ్లేటప్పుడు జేబులో ఉంచుకోండి. ఓడలో వైద్యశాల ఉంటుంది గానీ అది భోజనశాలకు ఎన్నో అంతస్తుల దిగువన ఉండవచ్చు, ఒడ్డున ఉన్న పెద్దాసుపత్రి గంటల దూరంలో ఉంటుంది.