పరికరం మోగకపోతే ఎవరూ లేనట్టేనా?

ఫ్లార్మ్ అనేది గ్లైడర్లు గాలిలో ఢీకొనకుండా పైలట్లను హెచ్చరించే చిన్న రేడియో పరికరం. 2004లో స్విట్జర్లాండ్‌లో వచ్చింది. జీపీఎస్‌తో తానెక్కడుందో తెలుసుకుని, వచ్చే కొన్ని సెకన్లలో ఎటు పోతుందో లెక్కగట్టి, ఆ వివరాన్ని దాదాపు సెకనుకోసారి చుట్టూ ప్రసారం చేస్తుంది. ఎదుటి గ్లైడర్ పంపేదాన్ని అందుకుని, దారులు కలిసేలా ఉంటే బీప్‌మంటుంది. మరి మోగనప్పుడు దగ్గర్లో ఎవరూ లేరని నమ్మవచ్చా?

లేమి ఎలా తెలుస్తుందన్నది భారతీయ దర్శనాల్లో పాత వివాదం. నేల మీద కుండ కనబడలేదు కనుక కుండ లేదని తెలుస్తుంది. కుమారిల భట్టు అనుయాయులు, అద్వైతులు దీన్ని అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకున్నారు. నైయాయికులు మాత్రం ప్రత్యక్షమే చాలన్నారు. ఇరుపక్షాలూ వదలని షరతు ఒకటుంది: వస్తువే ఉంటే అది కనబడి తీరాలి. చీకట్లో కుండ కనబడనంత మాత్రాన అది లేదనడం చెల్లదు.

కాక్‌పిట్‌లో ఆ షరతు నెరవేరడం, నెరవేరకపోవడం చాలావరకు యాంటెనా చేతిలో ఉంది. యూరప్‌లో ఫ్లార్మ్ 868 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. దానికి వాడే అర్ధతరంగ డైపోల్ యాంటెనా పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. దాన్ని నిలువుగా బిగించాలి, లోహపు భాగాలకూ వైర్లకూ దూరంగా ఉంచాలి. అసలు చిక్కు గ్లైడర్ తయారీలో వాడే కార్బన్ ఫైబర్‌తో. గ్లాస్ ఫైబర్ రేడియో తరంగాలను దాదాపుగా పోనిస్తుంది. కార్బన్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది కనుక ఆపేస్తుంది. కార్బన్ ముక్కు లోపల, ప్యానెల్ కింద యాంటెనాను దాచేస్తే ఎదురుగా వచ్చేవాడి సంకేతం అందకపోవచ్చు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు గ్లైడర్ల మధ్య ఒక కిలోమీటరు 12 సెకన్లలో కరిగిపోతుంది. అందుకే ప్యానెల్ పైభాగాన, కానపీ అనే పారదర్శక కప్పు కింద యాంటెనాను నిలబెడతారు. అయితే పైలట్ చూపుకు అడ్డు రాకూడదు.

ఇక్కడ ఆ దార్శనికుల షరతు ఒక్కటే చాలదు. కుండ తన ఉనికిని చాటుకోనక్కర్లేదు, చూసేవాడికి వెలుతురుంటే సరిపోతుంది. గ్లైడర్ విషయం అలా కాదు. అదే యాంటెనా వింటుంది, పలుకుతుంది కూడా. దాన్ని తప్పుచోట బిగించిన పైలట్ తాను గుడ్డివాడు కావడంతో ఆగడు, అవతలివాడికి కనబడకుండా పోతాడు. అవతలి పరికరం ఎంత బాగున్నా దాని మౌనం అబద్ధమవుతుంది. అంటే ఒకరి జ్ఞానం నిజం కావడం మరొకరి శ్రద్ధ మీద ఆధారపడింది. అలాంటప్పుడు యాంటెనా బిగింపును సొంత భద్రతకు సంబంధించిన సంగతిగా మాత్రమే చూడటం పొరపాటు. అది తోటివారికి బాకీ పడిన కర్తవ్యం.

ఆ కర్తవ్యం బిగించడంతో తీరదు. ఎగిరాక రికార్డయిన ఫైలును విశ్లేషిస్తే ఏ దిక్కున ఎంత దూరం సంకేతం అందిందో తెలుస్తుంది. ఒక దిక్కున దూరం బాగా తగ్గితే యాంటెనా చోటు మార్చి మళ్లీ చూడాలి. ఫ్లార్మ్ లేని పారాగ్లైడర్ విషయంలో ఎంత మంచి యాంటెనా అయినా ఏ కబురూ చెప్పలేదు. అక్కడ కళ్లే ప్రమాణం.