రిజిస్టరులో ఏడో రోజు

మా వదిన ఆశా కార్యకర్త. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన పని అది. కాగితం మీద ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. చేతికందేది జీతం కాదు, గౌరవ వేతనం. మన రాష్ట్రంలో 2019లో దాన్ని నెలకు పది వేలు చేశారు. పని మాత్రం ఉద్యోగమే. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో బిడ్డ ఇంటికి వెళ్ళి బరువు, ఒంటి వేడి, పాలు తాగే తీరు చూడాలి.

ఒక వానాకాలం గెడ్డ పొంగింది. అవతలి ఊళ్ళో ఒక పసిబిడ్డకు అది ఏడో రోజు. వదిన దాటలేకపోయింది. రిజిస్టరులో ఆ మాటే రాసింది. నెల సమావేశంలో పైఅధికారి అందరి ముందూ నిలబెట్టి, "వెళ్ళినట్టు రాసేస్తే పోయేది కదా" అన్నారట. గడులన్నీ నింపినామెకు మెప్పు దక్కింది.

ఆ రాత్రి వదిన అడిగింది: "మాస్టారూ, నిజం రాయడం తప్పా?"

తప్పు కాదని వెంటనే చెప్పాను. తర్వాత నిద్ర పట్టలేదు. పోడు కలుపుకు వెళ్ళిన పిల్లలకు నేనూ హాజరు వేశాను మరి.

బిడ్డ బాగానే ఉంది, అబద్ధంతో ఎవరికి నష్టం అంటారు కొందరు. ఆ ఖాళీ గడి ఇక్కడ వంతెన లేదని చెబుతుంది. దాన్ని నింపేస్తే కాగితం మీద గెడ్డే ఉండదు. లేని గెడ్డకు వంతెన ఎవరు కడతారు? నష్టం రేపు పుట్టే బిడ్డది.

మరి తప్పెవరిది? భయంతో రాసినవారిదీ, నిజానికి శిక్ష వేసినవారిదీ. కానీ రెండు పాళ్ళూ సమానం కావు. పైఅధికారికీ ఒక పైఅధికారి ఉంటారు, నిజమే. అలా అందరూ పైకి చూపిస్తూ పోతే, బరువంతా చివరికి జీతం లేని ఆడమనిషి నెత్తినే పడుతుంది. స్వచ్ఛందం అంటే కాదనే స్వేచ్ఛ కూడా ఉండాలి. అది ఇవ్వకుండా సేవ అని పిలిస్తే, అది వెట్టికి పెట్టిన మంచి పేరు.

నెల జీతం, సర్వీసు రక్షణ ఉన్న నాకు భయపడే హక్కు వదినకన్నా తక్కువ. ఈ నెల నా హాజరు పట్టీలో రాని పిల్లలకు రాలేదనే వేశాను, పక్కన కారణం రాశాను. మెమో వస్తే రానీ. వదిన అడిగినదానికి నా జవాబు అదే.