ఈ వయసులో ఎందుకులెండి!

ఈ మాట మనందరం అన్నవాళ్ళమే. ఎనభైకి దగ్గర పడుతున్న మనిషికి కళ్ళజోడు మార్చాలన్నా, పన్ను కట్టించాలన్నా ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. అందులో ప్రేమ ఎంత, మన బద్ధకం ఎంత అని తూకం వేసి చూసుకునేవాళ్ళు తక్కువ. మా పెద్దమ్మతో గుండె డాక్టరు దగ్గరకు వెళ్ళేదాకా నేనూ చూసుకోలేదు.

పెద్దమ్మకు డెబ్బై తొమ్మిది. ఆర్నెల్లుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఒకరోజు తులసికోట దగ్గర సొమ్మసిల్లి పడిపోయింది. గుండెలోంచి ఒంటికంతకీ రక్తం వెళ్ళే దారిలో మూడు రేకుల కవాటం ఒకటుంటుంది. వయసు మీదపడ్డకొద్దీ కొందరికి ఆ రేకులకు సున్నం పట్టి, వానాకాలం తలుపులా బిగుసుకుపోతుంది. బాగా ముదిరి ఇలాంటి లక్షణాలు కనిపించాక కవాటం మార్చకపోతే చాలామంది రెండు మూడేళ్ళకు మించి బతకరు. మందులు ఆయాసాన్ని తగ్గిస్తాయేమో గాని, సున్నాన్ని కరిగించలేవు.

డాక్టరుగారు ఇదంతా పెద్దమ్మ కొడుకుతో, అంటే మా అన్నయ్యతో చెప్పారు. పెద్దమ్మ పక్కనే ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. "ఈ వయసులో ఎందుకులెండి, తట్టుకోలేదు" అన్నాడు అన్నయ్య. నేనూ తల ఊపాను. ఆస్పత్రిలో రాత్రిళ్ళు ఎవరుంటారన్న లెక్క అప్పటికే నా మనసులో నడుస్తోంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి కదా!

ఇదివరకైతే ఆ మాటతో చర్చ ముగిసిపోయేది. రొమ్ము తెరిచి, రక్తాన్ని నడిపే పని యంత్రానికి అప్పగించి, గుండెను ఆపి, కొత్త కవాటం చుట్టూ పన్నెండో పదిహేనో కుట్లు వేసి, ఒక్కొక్కదానికీ ముడులు బిగించాలి. అంతసేపూ గుండె ఆగి ఉండాలి. అసలే మూత్రపిండాలూ ఊపిరితిత్తులూ అంతంతమాత్రంగా ఉన్న ముసలివాళ్ళకు ప్రతి నిముషమూ గండమే. తొడ దగ్గర రక్తనాళంలోంచి, రొమ్ము తెరవకుండానే కవాటం పంపే పద్ధతి 2002లో ఫ్రాన్సులో మొదలైంది. పెద్దవాళ్ళలో చాలామందికి ఇప్పుడదే చేస్తున్నారు. పెద్దమ్మ రక్తనాళాలు దానికి అనువుగా లేవట.

మిగిలిన దారి కుట్లు లేని కవాటం. 'పర్సివల్' అనే రకానికి 2011లో యూరప్‌లో, 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. నిటినాల్ అనే లోహపు చట్రం. ముడిచిపెట్టి వదిలితే తనంతట తనే విచ్చుకుని చోటు పట్టుకుంటుంది. సరిగ్గా కూర్చోబెట్టడానికి మూడే మూడు దారాలు, తరవాత అవీ లాగేస్తారు. గుండెను ఆపక తప్పదు గాని, ఆపే సేపు బాగా తగ్గుతుంది.

"కుట్లు లేకపోతే ఊడిపోదూ?" అంది పెద్దమ్మ, ఉన్నట్టుండి.

నలభై ఏళ్ళు మిషను కుట్టిన మనిషి! డాక్టరుగారు మొదటిసారి ఆవిడ వైపు తిరిగారు. చట్రమే అదిమి పట్టుకుంటుందని వేళ్ళతో చూపించారు. అరుదుగా జరిగినా, పక్కలనుంచి రక్తం కారే అవకాశం లేకపోలేదన్నారు. పేస్‌మేకర్ అవసరం కుట్టినవాటి కన్నా వీటితో కాస్త ఎక్కువనీ, పాత కవాటాల మీద ఉన్నన్నేళ్ళ అనుభవం వీటి మీద లేదనీ దాచకుండా చెప్పారు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, పెద్దమ్మ ప్రశ్న అమాయకమైనదేం కాదని. 1962లోనే అమెరికాలో మెగవర్న్ అనే సర్జను చిన్న చిన్న కొక్కేలతో పట్టుకునే కవాటాన్ని కుట్లు లేకుండా పెట్టాడు. పక్కలనుంచి కారడం, నెత్తురు గడ్డలు కట్టడం వల్ల అది క్రమంగా మూలపడింది.

రేకులు దేనితో చేస్తారన్న మాట రాబోతుండగా అన్నయ్య డాక్టరుగారికి కళ్ళతో సైగ చేశాడు. ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో చేస్తారు. పెద్దమ్మ రోజూ గోపూజ చేసుకునే మనిషి. "చెప్తే ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే పోతుంది. ప్రాణం కన్నా ఎక్కువా?" అన్నాడు బయటికొచ్చాక. వాడి కళ్ళలో నీళ్ళు. వద్దన్నవాడే గంటలో ఇంతగా కావాలనుకున్నాడు. వాణ్ణి తప్పు పట్టలేను. కానీ వద్దన్నప్పుడూ ఆవిడని అడగలేదు, కావాలన్నప్పుడూ ఆవిడకు చెప్పడం లేదు. ఏభై ఏళ్ళ మనిషైతే ఇలా చేస్తామా? ఆ గుండె ఎవరిదండీ?

ఆ రాత్రి నేనే చెప్పేశాను. తప్పో ఒప్పో నాకిప్పటికీ నిర్ధారణగా తెలియదు. పెద్దమ్మ చాలాసేపు దుప్పటి అంచు సవరిస్తూ కూర్చుంది.

"చచ్చిన ఆవుదా, చంపినదా?"

మాంసానికి కోసినదాన్నుంచి తీసిందన్నాను. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది గాని, బయటికి రాలేదు.

"నాలుగు రోజులు ఆగమను వాణ్ణి" అని అటు తిరిగి పడుకుంది.

నిన్న ఫోను చేసింది. గొంతులో అదే ఆయాసం.

"ఆదివారం రా. వాడితో నేనే మాట్లాడతాను. నువ్వేం చెప్పకు, ఊరికే నా పక్కన కూర్చో."